గుడ్డలో పడిన చెయ్యి

ఆ మిల్లులో మగ్గం లేదు, పడుగూ పేకా లేవు. జనపనార, అరటినార కలిపి, దువ్వి, పరుపులా పరిచి సూదులతో పొడిస్తే నారలు ఒకదాన్నొకటి పట్టుకుని మందపాటి గుడ్డవుతాయి. కార్ల తలుపుల లోపల అతికించడానికి పోతుంది. నార కలిపే గదిలో అత్త, సూదుల మిషను దగ్గర కోడలు. పొద్దున్న క్యారియర్లు సర్దుతూ మొదలెట్టిన పోట్లాట మిల్లు గేటు దాకా సాగడం మామూలే.

"కూరలో ఉప్పెయ్యడం రాని చెయ్యి, మిషనేం నడుపుతుందిలే!" అంది అత్త ఆ రోజు కూడా.

భోజనాల వేళకి గుడ్డ మీద అరచెయ్యి అచ్చు పడి వచ్చింది. చూపుడువేలు లేదు. అప్పుడప్పుడూ వస్తుందలా. అందులో ఎవరి చెయ్యి సరిగ్గా ఇముడుతుందో, పొద్దు గూకేలోగా వాళ్ళకి ఆ వేలు పోతుంది. సెలవు పెట్టి ఇంటికెళ్ళినవాడికి తలుపు సందులో పోయింది. అందుకే ఎవరూ పారిపోరు. వరసగా వచ్చి చెయ్యి పెట్టి చూసుకుంటారు.

కోడలి చెయ్యి అచ్చులో ఒదిగిపోయింది.

"కట్టుగుడ్డ తెచ్చి ఉంచండర్రా," అన్నాడు మేస్త్రీ మెల్లగా.

ఆమె చూపుడువేలిని గుప్పిట్లో దాచుకుంది. ఎటు చూసినా అంచులే. మిషను మూత, కిటికీ రెక్క, ఆఖరికి తన క్యారియర్ గిన్నె కూడా.

కబురందుకుని అత్త వచ్చింది. ఆ ముక్క కత్తిరించి చంకన పెట్టుకుంది.

"దాన్ని పాతిపెట్టాలమ్మా," అన్నాడు మేస్త్రీ.

"మిగతా తుక్కంతా మళ్ళీ నారలో కలపడం లేదూ? దీనికేం కొమ్ములొచ్చాయా?"

ముక్కని పీలికలు చేసి కొత్త నారలో వేసింది. ఎన్నడూ కలపని కొబ్బరి పీచు గుప్పిళ్ళతో పోసింది. చేతి తొడుగులు తీసేసి కలిపింది. పీచు గోళ్ళ సందుల్లో గుచ్చుకుంటున్నా ఆపలేదు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, తిట్లో ఎవరికీ వినబడలేదు.

మిషను తిరిగింది. అచ్చు మళ్ళీ చూపుడువేలు లేకుండానే వచ్చింది, ఈసారి వెడల్పుగా, కణుపులు తేలి. కోడలి చెయ్యి అందులో వదులుగా ఆడింది. అత్త తన చెయ్యి పెట్టింది. సరిగ్గా ఇమిడింది.

"హమ్మయ్య!" అంది.

"వద్దత్తయ్యా! ఇంకోసారి కలుపుదాం!"

"ఇంకోసారి ఎవరి చెయ్యొస్తుందో? ఊరుకో. వేళ్ళన్నీ ఉండగానే నీకు ఉప్పు కుదిరి చావదు."

సాయంత్రం బస్సులో అత్త కట్టు కట్టిన చెయ్యి కోడలి ఒళ్ళో ఉంది. దించిన తల ఎత్తలేదు కోడలు.

"రేపట్నించి వంట నీదే," అంది అత్త.

"ఉప్పెంత వెయ్యను?" అడిగింది కోడలు.

అత్త కిటికీలోంచి బయటికి చూసింది.

"నువ్వెంత వేస్తే అంతే."