కారు దొరగారి ప్రయాణం

ఆయనకి వీధిలో కారు దొరగారని పేరు. పెట్టినవాళ్ళు గౌరవంతో పెట్టలేదు గానీ, ఆయన మాత్రం గౌరవంగానే పుచ్చుకున్నాడు. లోకంలో ఎవరైనా కారు ఎక్కడికైనా పోవడానికి కొనుక్కుంటారు. ఈయన కూర్చోవడానికి కొనుక్కున్నాడు. సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకుని, ఇంటి ముందు నిలబెట్టిన కారులోకి చేరి, లోపల దీపం వేసుకుని, రేడియో పెట్టుకుని, అద్దం దించి మోచెయ్యి బయటపెట్టి కూర్చునేవాడు. ఇంజను మాత్రం వేసేవాడు కాదు, పెట్రోలు దండగట! దారినపోయేవాళ్ళు "ఎక్కడినుంచండీ రావడం?" అంటే "ఇప్పుడే వచ్చా" అనేవాడు. అబద్ధం కూడా కాదు, వంటింట్లోంచి వచ్చాడుగా మరి.

ఆయన భార్య దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, ఎన్నో ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ చిరుగులకి అతుకులేసి, జిప్పులు మార్చి, ఆఖరికి ఒక కొత్త హోటల్లో కర్టెన్లు కుట్టే పని సంపాదించుకుంది. కింది అంతస్తువి కుట్టడం అయిపోయింది. హోటలు యజమానురాలు ఆ రోజు పొద్దున్నే వచ్చి చూసేసరికి అవి కిటికీలకి వేలాడుతూ ఉండాలి. లేకపోతే పై అంతస్తుల పనంతా బజారులోని పెద్ద దుకాణానికి పోతుంది. మీగడరంగు గుడ్డ, ఇంత దుమ్ము పడినా పనికిరాదు. అందుకే ముందురోజే బతిమాలి, బామాలి, ఆయన్ని కారు తియ్యడానికి ఒప్పించింది.

పొద్దున తాళం తిప్పితే కారు టిక్కుమంది. మళ్ళీ తిప్పితే అదీ అనలేదు.

"చలికి బిగుసుకుంది," అన్నాడు దొరగారు.

"రోజూ రేడియో పెట్టుకుని కూర్చుంటే బ్యాటరీ అయిపోదుటండీ?"

"ఆ కాస్త రేడియో ఎంత తింటుందే? కార్ల సంగతి నీకేం తెలుసు?"

తెలిసినాయన బానెట్టు ఎత్తే మీట ఎక్కడుందో కనిపెట్టేసరికి ఎదురింటి తాపీమేస్త్రి పళ్ళు తోముకోవడం కూడా పూర్తయింది. మేస్త్రికి ఒక పాత వ్యాను ఉంది, దాని తలుపు తాడుతో కట్టి ఉంటుంది. ఆ దరిద్రపు బండి ఎదురుగా ఉంటే తన కారు అందం చెడుతోందని దొరగారు ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

"ఏం బావగారూ, పడుకుందా?" అన్నాడు మేస్త్రి మూతి తుడుచుకుంటూ.

"పడుకోవడమేంటి? సెట్టింగు మారుస్తున్నా."

"తమ్ముడూ, నువ్వు రా," అంది ఆమె. "ఆయన మార్చేలోపు నా బతుకు మారిపోయేలా ఉంది."

మేస్త్రి వ్యాను తెచ్చి కారుకి ముక్కూముక్కూ ఆనించినట్టు నిలబెట్టి, సీటు కింద నుంచి పొడుగు వైర్లు తీశాడు.

"ఇవెక్కడివయ్యా నీకు?" అన్నాడు దొరగారు.

"నా బండి రోజూ చచ్చి బతుకుతుంది బావగారూ. వైర్లు లేకపోతే మేమిద్దరం ఎప్పుడో విడిపోయేవాళ్ళం."

ఎర్ర వైరు రెండు బ్యాటరీల ప్లస్సులకీ తగిలించాడు. నల్లది తన బ్యాటరీ మైనస్సుకి ఒక కొన, కారు ఇంజను ఇనుముకి ఇంకో కొన పట్టించాడు. దొరగారు పక్కన నిలబడి "జాగ్రత్త, గీతలు పడతాయ్" అంటూ చెయ్యగలిగిన సాయమంతా చేశాడు. వ్యాను కాసేపు గుర్రుమన్నాక ఆయన తాళం తిప్పాడు. కారు దగ్గి, దులుపుకుని, లేచింది.

"చూశావా! నా బండి తడాఖా!"

"ఆపకండేం, కాసేపు తిరిగితేగానీ బ్యాటరీ పుంజుకోదు," అని చెప్పి మేస్త్రి వైర్లు తీసేశాడు.

ఆమె గుండె కుదుటపడి, కర్టెన్ల కట్టలు తేవడానికి లోపలికి పరిగెత్తింది. రెండు చేతుల నిండా పట్టుకుని వచ్చేసరికి వీధి నిశ్శబ్దంగా ఉంది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదే. నువ్వొచ్చేలోపు ఊరికే పెట్రోలు తగలెయ్యడమెందుకని ఆపాను."

ఆమె అనదలుచుకున్న మాటలన్నీ అనాలంటే మధ్యాహ్నం దాటుతుంది. ఆయన తాళం తిప్పాడు. టిక్కు.

"మళ్ళీ తగిలించనా అక్కా?" అన్నాడు మేస్త్రి.

"వద్దు. ఆ వైర్లు చుట్టేసి నీ వ్యాను వెనక తలుపు తియ్యి."

"అంతా సిమెంటు దుమ్మక్కా!"

కారుకి కప్పే మెత్తని ముసుగు గోడమీద మడత పెట్టి ఉంది. ఆయన స్వయంగా ఉతికి ఆరేసుకునే గుడ్డ అది, దుప్పట్లు కూడా అంత శుభ్రంగా ఉండవు ఆ ఇంట్లో. ఆమె కట్టలు ఆయన చేతుల్లో పెట్టి, దాన్ని తీసుకెళ్ళి వ్యానులో పరిచింది.

"అది కారుదే!"

"తెలుసు."

"ఆ మట్టి బండిలో హోటలుకి పోతావా? నా పరువేం కావాలి?"

"ఆ పరువుని కారులో కూర్చోబెట్టుకోండి, అద్దం దించి," అని ఆమె కట్టలు అందుకుని ముసుగుమీద పేర్చి, రెండో సగం పైన కప్పి ముందు సీట్లో ఎక్కింది. మేస్త్రి తలుపుకి తాడు కట్టేశాడు.

యజమానురాలు వచ్చేసరికి ఆమె స్టూలు మీద నిలబడి ఆఖరి కిటికీకి కొక్కేలు తగిలిస్తోంది. ఆవిడ గుడ్డని వేళ్ళతో నలిపి చూసింది, అంచు తిరగేసి కుట్టు చూసింది.

"పై అంతస్తుల కొలతలు ఎప్పుడు తీసుకుంటారు?" అంది.

"ఇప్పుడేనండీ," అని ఆమె స్టూలు దిగుతుంటే ఫోను మోగింది.

"ఏమే, ఆ వ్యానులోంచి దిగుతుంటే ఎవరైనా చూశారా?" గొంతు తగ్గించి అడిగాడు దొరగారు.

"గుమ్మం ముందే దిగాను. అందరూ చూశారు."

"అయ్యయ్యో! ఫలానా ఆయన భార్యనని చెప్పలేదు కదా?"

"ఎవరూ అడగలేదండీ," అని ఫోను పెట్టేసి, టేపు రెండో కొస మేస్త్రి చేతికిచ్చి, మెట్లెక్కింది.