గానుగకు జాలి

తారాబాయి గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది, లోపల గోడ మేకుకు తగిలించిన ఆమె కాలు మాత్రం లేదు.

నల్లా దగ్గర స్నానం చేసి వచ్చేలోపల మాయమైంది. మంచం కింద వెతికింది. బియ్యం డబ్బా వెనక వెతికింది. నడవడానికి వాడే ప్లాస్టిక్ కాలు ఆమె ఒంటి మీదే ఉంది. పోయింది పరుగు కాలు. నల్లగా, వంపు తిరిగిన బ్లేడు. చెరుకు కొట్టేవాళ్లు దాన్ని ‘కొడవలి’ అంటారు.

ఇంకాసేపట్లో పరుగు. ఆ కాలు లేకపోతే, ఆమె గెలిచిన గెలుపు కూడా లేనట్టే.

బొంబాయి రోడ్డు పక్క మైదానంలో గిరీశ్ సేటు బెల్లం ఫ్యాక్టరీ ఏటా పెట్టే పందెం అది. మొదటిసారి తార అందరికంటే ఆఖరున వచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సేటు శాలువా కప్పాడు. ఝరాసంగం ఆటోల వెనక కూడా ఆమె బొమ్మ ఎక్కింది. మరుసటేడు మళ్లీ ఆఖరు, మళ్లీ శాలువా. పోయిన ఆదివారం మాత్రం ఆమె అందరికంటే ముందు గీత దాటింది. మైదానం మూగబోయింది. తర్వాత అరుపులు లేచాయి. “స్ప్రింగు కాలు! ఇదెక్కడి న్యాయం?” అందులో గట్టి గొంతు చెరుకు కొట్టే నాగమ్మది. రెండో స్థానంలో వచ్చిన దీక్షిత ఆమె కూతురే. అయితే మళ్లీ పరిగెత్తండి అన్నాడు సేటు. ఆ మళ్లీ పరుగు ఇవాళే.

ఎవరికి చెప్పుకోవాలి? తారతో ఫొటో దిగినవాళ్లు జిల్లా నిండా ఉన్నారు. ఆమెతో కూర్చుని అన్నం తినేవాళ్లు ఒక్కరూ లేరు.

ఒకప్పుడు ఉండేవాళ్లు. గానుగలోకి చెరుకు లాక్కుపోయే పట్టా మీద, కాళ్లూ చేతులూ పడకుండా, ఇనుప జాలి ఉండేది. గడ ఇరుక్కున్నప్పుడల్లా గానుగ ఆపి, జాలి ఎత్తి తీయాలి. ఒక సీజనులో ఆ జాలి మాయమైంది. అప్పటి నుంచి ఇరుక్కున్న గడను అందరూ కాలితో తన్నేవాళ్లు. తార కూడా తన్నింది. పట్టా ఆమె కాలిని లాక్కుంది. జాలి పెట్టాలని తోటి కూలీ మహమూద్ వాళ్లు పని ఆపారు. సేటు హైదరాబాద్ నుంచి కొడవలి కాలు తెప్పించాడు. దాన్ని తొడుక్కుని తార సేటు పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫొటో పేపర్లో పడింది. సమ్మె చల్లారిపోయింది. ఆ రోజు నుంచి ఆమె కూలీలకు సేటు మనిషి.

అయినా ఇవాళ ఆమె నేరుగా చెరుకు కుప్పల దగ్గరికే నడిచింది. అక్కడ అందరూ చాయ్ తాగుతున్నారు.

“నా కాలు ఇచ్చెయ్ నాగమ్మక్కా.”

నాగమ్మ గ్లాసు కింద పెట్టింది. “పొద్దుగాల్నే మతి పోయిందా? నీ కాలు నాకెందుకే? పెరట్ల నాటుకుంటనా?”

ఎవరో కిసుక్కున నవ్వారు.

“నీ బిడ్డ గెలవాలెనని తీసినవ్. స్ప్రింగు, స్ప్రింగు అని ఊరంత ఒర్లినవ్ కదా!”

“ఒర్లిన. ఇప్పుడు గూడ ఒర్లుత. నా పోరి కండతోటి ఉరికింది, నువ్వు బ్లేడుతోటి ఉరికినవ్. మొఖం మీదనే అన్న. నాకు దొంగతనమెందుకు? నీ కాలు తీసెటోడు మునుపే తీసిండు.”

నవ్వు ఆగిపోయింది. తార చెరుకు మోపు మీద కూర్చుని ప్లాస్టిక్ కాలు ఊడదీసింది. మోకాలి కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

“చూడు. ఆ బ్లేడు నాకు ఉత్తగ ఏమిస్తలేదక్కా. నేను ఎంత తొక్కితే గంతే లేపుతది. మూల తిరిగెటప్పుడు కింద నేలున్నదో లేదో తెల్వదు నాకు.”

నాగమ్మ వంగి చూసింది. ఇన్నేళ్లలో ఆ మోడును చూడటం ఆమెకదే మొదలు.

“గిట్లున్నదా? ఎన్నడూ చెప్పలేదేందే?”

“ఎవరు అడిగిన్రు?”

మహమూద్ గొంతు సవరించుకున్నాడు. గానుగకు చెరుకు అందించేది అతనే. కుడిచేతికి బొటనవేలు, చిటికెన వేలే మిగిలాయి. “తారా, తాళం పగిలిందా?”

“లేదు భాయ్.”

“ఆ గది ఫ్యాక్టరీది. రెండో చాబీ ఎవరి దగ్గరుంటది?”

అందరి చూపులూ సేటు ఆఫీసు వైపు తిరిగాయి.

దీక్షిత బూట్ల తాడు బిగిస్తూ అంది. “అమ్మా, ఆమె లేకుంట నేను ఉరక. ఎవరి మీద గెలిచినట్టు?”

“దొరకనీ ఆ కాలు,” అంది నాగమ్మ లేస్తూ. “ఈమె గెలిస్తే నేను మళ్ల ఒర్లుత. కాని ముందుగాల కాలు దొరకాలె. నడువున్రి!”

మైదానంలో వేదిక మీద తార ఫ్లెక్సీ. ఆమె ఆఖరున వచ్చినప్పుడు తీసిన ఫొటో, నొప్పితో మొహం వంకర పోయి ఉంది. గిరీశ్ సేటు మైకు పట్టుకున్నాడు.

“తారాబాయికి పాణం బాగలేదంట. ఉరకదు. పాపం, ఆమెను చూస్తే ఎవరికైనా జాలి కలుగుతది. ఆమె కోసం గట్టిగ చప్పట్లు!”

పట్నం అతిథులు మొదలుపెట్టారు. ఆ చప్పుడులోంచి కూలీల గుంపు నడిచి వచ్చి వేదిక ముందు నిలబడింది. మహమూద్ చేయి పైకెత్తాడు. అతని వెనక మరో చేయి, మరో చేయి. వేళ్లు తెగినవి, కణుపులు పోయినవి. ఏదీ చప్పట్లు కొట్టలేదు. ఎత్తి, అలాగే పట్టుకున్నారు. అతిథుల చేతులు కూడా ఆగిపోయాయి.

తార ముందుకొచ్చింది. “సేటూ, నాకు జాలి వద్దు. గానుగకు పెట్టు!”

అతిథులకు అర్థం కాలేదు. కూలీలకు అర్థమైంది. నాగమ్మ గొంతు ఈసారి తార వైపు నుంచి లేచింది.

“జాలి మాకొద్దు!”

“గానుగకు పెట్టు!”

మైదానం దద్దరిల్లింది. దీక్షిత పరుగు గీత మీద కూర్చుంది. ఆమె పక్కన మిగతా పిల్లలూ కూర్చున్నారు. ఆ అరుపుల్లో తార భుజానికి నాగమ్మ భుజం తగిలింది. ఫొటో కోసం కాకుండా ఒక మనిషి తన పక్కన నిలబడి ఎన్నాళ్లయిందో తారకు గుర్తు రాలేదు.

“కాలు ఏడున్నది సేటూ?” అని అడిగింది.

“నాకేం తెలుసు?”

“రెండో చాబీ నీదే కదా సాబ్,” అన్నాడు మహమూద్. ఎత్తిన చేయి దించలేదు.

పేపరు విలేకరి ఒకడు వేదిక ఎక్కాడు. సేటు కండువాతో మొహం తుడుచుకున్నాడు. గీత మీది పిల్లలను చూశాడు, ఎత్తిన చేతులను చూశాడు. మైకు ఇంకా అతని చేతిలోనే ఉంది.

“ఆఁ, నేనే తీయించిన! నా కారు డిక్కీలున్నది, తీస్కపోన్రి! ఆమెకు ఆ కాలు నేనే ఇచ్చిన, ఇచ్చినోణ్ణి తీసుకోనా? ఆఖరుకు ఉరికినన్ని దినాలు ఎవ్వడన్న అడిగిండా, కాలు ఎట్ల పోయిందని? చప్పట్లు కొట్టిన్రు, ఇంటికి పోయిన్రు. ఆమె గెలిచిన్నాడే ఈ పేపరోడు నా ఆఫీసుకు వచ్చిండు, పట్టా మీద జాలి ఏదని అడిగిండు. జాలి ఉంటే ఘడియఘడియకు గానుగ ఆపాలె. గానుగ ఆగితే నాకు నడవది. అందుకే ఆ జాలి తీయించింది నేనే. కాలు తీయించింది నేనే. అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే!”