వికెట్ల వెనక ఖాళీ

ఉదయగిరి టీముకు వికెట్ కీపర్ లేడు. ఉన్నవాడు పోయాడు, కొత్తవాణ్ణి కెప్టెన్ పెట్టుకోనివ్వడు. పదిమందితో క్రికెట్ ఆడే టీము ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉంటే చూపించండి, దండం పెడతాను. జలదంకివాళ్ళు జాలిపడ్డారు, కొండాపురంవాళ్ళు చాటుగా నవ్వుకున్నారు, వీళ్ళు మాత్రం వరసబెట్టి ఓడిపోతూనే ఉన్నారు. అయినా కెప్టెన్ ఫారూఖ్‌ను ఇదేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పోయినవాడు అతని తమ్ముడు మరి.

తమ్ముడి పేరు జబీవుల్లా. ఊరందరికీ జబీ. పోయినేడు వానల్లో ఆత్మకూరు నుంచి బైకు మీద వస్తూ లారీ కింద పడ్డాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి బస్టాండు వెనక పంక్చర్ షాపు నడిపేవారు. ఇప్పుడు ఫారూఖ్ ఒక్కడే టైర్లు విప్పుతున్నాడు, ఒక్కడే బిగిస్తున్నాడు. స్పానర్ కోసం పక్కకు చెయ్యి చాపి, అందించేవాడు లేడని గుర్తొచ్చి, తనే లేచి వెళ్ళి తెచ్చుకుంటాడు. రోజులో ఎన్నిసార్లు అలా లేస్తాడో ఆ పైవాడికే తెలియాలి.

జబీ పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక టీమంతా షాపుకొచ్చి కూర్చుంటే ఫారూఖ్ ఒకే మాట చెప్పాడు.

“ఆడదాం. వికెట్ల ఎనకాల మాత్రం ఎవురూ నిలబడగూడదు.”

దుఃఖంలో ఉన్న మనిషితో ఎవరు వాదిస్తారు? సరేనన్నారు. వెనకాల బౌండరీ గీత దగ్గర ఒకణ్ణి నిలబెట్టి, కీపర్ చోటు ఖాళీగా వదిలేసి ఆడసాగారు. మొదటి మ్యాచిలో అది చనిపోయినవాడికి ఇచ్చిన మర్యాద. పోను పోను వట్టి మొండితనమైంది. ఆ సంగతి ఫారూఖ్‌కు తెలియదనుకున్నారా? తెలుసు. తెలిసి ఏం చేస్తాడు? అక్కడ ఇంకొకడు వంగి, చేతులు చాచి నిలబడ్డాడంటే జబీ ఇక లేనట్టే. లేడని తల్లి జైతూన్‌బీకి తెలుసు, ఖబరస్తానుకు తెలుసు, ఫారూఖ్‌కూ తెలుసు. అతని మనసుకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆత్మకూరు టోర్నమెంటు దగ్గరపడుతుండగా, హోల్‌సేల్ కిరాణా కొట్టు పెంచలనరసింహం ఒక కుర్రవాణ్ణి షాపుకు వెంటబెట్టుకొచ్చాడు. టీముకు పెద్దదిక్కు ఆయనే. ఆట రాదు గానీ ఆటంటే ప్రాణం.

“ఈ అబ్బయ పేరు సందీప్. మనది కాదు, కలువాయి. సెల్ టవర్ల పనికి వచ్చి ఈడ రూము తీసుకున్నాడు. పొద్దున లేస్తే మా గోడౌను గోడకి బంతి కొట్టేది, పట్టుకునేది. లోపల మిరపకాయల బస్తాలు అదిరిపోతా ఉండాయి. టీములో పెట్టుకుంటే నా గోడన్నా మిగులుతాది ఫారూఖ్.”

ఆటో తోలే చాంద్ బాషా అక్కడే ఉన్నాడు. టీములో అందరికంటే పెద్దవాడు, నోరూ పెద్దదే. కుర్రవాణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు.

“ఏ టీముకు ఆడినావు?”

“ఏ టీముకూ ఆడలేదన్నా,” అన్నాడు సందీప్. “మా ఊళ్ళో ఎక్స్‌ట్రాగా కూర్చోబెట్టేవాళ్ళు. నీళ్ళిచ్చేది, బ్యాట్లు మోసేది.”

“బాగుంది. నీళ్ళిచ్చేవాణ్ణి పట్టుకొచ్చినావా సెట్టీ? ఒక్క మ్యాచి ఆడనోడిని నమ్మి ఆత్మకూరు పోయేదానికంటే, ఉండే పదిమందితో పోయేది మేలు గదా.”

“పదిమందితో పోయి యాడ గెలిచినారు చెప్పు,” అన్నాడు పెంచలనరసింహం. గొంతు తగ్గించి ఫారూఖ్ వైపు తిరిగాడు. “నేను పెద్దోణ్ణి, చెప్తే నేనే చెప్పాల. ఈసారి గూడా ఓడితే పిల్లోళ్ళు తలా ఒక టీముకు పోతారు. జబీ కట్టిన టీమబ్బా ఇది. వాడి కోసమని నువ్వే దాన్ని పాడుచేస్తా ఉండావు.”

ఆ మాట ఫారూఖ్‌కు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. బంతి తీసుకుని గ్రౌండుకు నడిచాడు. ఇలాంటివాణ్ణి మాటల్తో కాదు, బంతితోనే పంపించెయ్యాలి అనుకున్నాడు.

అతని బౌలింగు అసలే వేగం. ఆ సాయంత్రం కోపమంతా బంతికెక్కించాడు. ముందు బ్యాటు పట్టుకుని నిలబడ్డ చాంద్ బాషా భయపడి పక్కకు తప్పుకున్నాడు. వికెట్ల వెనక వంగిన సందీప్ తప్పుకోలేదు. ఒక బంతి లేచి మూతికి తగిలి పెదవి చిట్లింది. రక్తం ఉమ్మేసి మళ్ళీ వంగాడు. ఆ తర్వాతి బంతినీ పట్టాడు. పట్టినవాడు మురిసిపోనూ లేదు. తిరిగి అందించి, “ఇంకోటి ఎయ్యన్నా” అన్నాడు. వాడి బతుకులో వాడికి ఎవరైనా బంతి వెయ్యడం అదే మొదలు. ఇన్నాళ్ళూ వేసింది గోడే.

ఫారూఖ్‌కు వంక దొరకలేదు. దొరికితే బాగుండునని మనసులో అల్లాను వేడుకున్నాడు కూడా.

“ఆత్మకూరుకి రా,” అన్నాడు చివరికి. అని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆత్మకూరులో మొదటి మ్యాచి కొండాపురంతో పడింది. కీపర్ ఉన్నాడు కదా అని, బౌండరీ దగ్గర నిలబెట్టేవాణ్ణి ముందుకు తెచ్చుకున్నారు. సందీప్ ఆట చూడాలి ఆరోజు. ఒక క్యాచి, ఒక రనౌటు, చేతిలోంచి జారిందన్న మాట లేదు. చాంద్ బాషా కూడా దూరం నుంచి “శభాష్ కలువాయీ” అన్నాడు. ఫారూఖ్ ఒక్కడే వాడి వైపు సరిగా చూడలేదు. బంతి వేస్తాడు, తల దించుకుంటాడు, వెనక్కు నడుస్తాడు.

ఆట ఆఖరి బంతికి వచ్చింది. కొండాపురానికి నాలుగు పరుగులు కావాలి, ఒక్క వికెట్టే మిగిలింది. బంతి ఫారూఖ్ చేతిలో ఉంది. ఎదురుగా ఉన్నవాడు బంతి పడకముందే ముందుకు దూకి కొట్టే రకం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అన్నదమ్ములు చిన్నప్పుడు ఇంటి సందులో ఆడుకునేవారు. సందుకు ఎడమపక్క మురుక్కాలవ. బంతి అందులో పడితే జైతూన్‌బీ చీపురు తిరగేసేది. ఫారూఖ్ బంతి అటుపోతుందని అనిపించినప్పుడల్లా జబీ ముందే కాలవ వైపు దూకి పట్టేవాడు. పెద్దయ్యాక దాన్నే ఒక ఎత్తు చేసుకున్నారు. ఫారూఖ్ రెండు వేళ్ళతో కాలర్ పట్టి లాగితే, బంతి నెమ్మదిగా బ్యాటరు కాళ్ళ వెనకనుంచి పోతుందని అర్థం. ముందుకు దూకినవాడు దూకినట్టే ఉండగా, జబీ అప్పటికే అక్కడుండి బంతి అందుకుని వికెట్లు ఎగరగొట్టేవాడు. ఎంతమంది అలా బలయ్యారో. ఈ గుర్తు ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. సొంత టీముకూ చెప్పలేదు.

ఫారూఖ్ పరుగు మొదలెట్టబోతూ బ్యాటరును చూశాడు. వాడు ముందుకు దూకబోతున్నాడు. ఇలాంటివాడే కావాలి. చెయ్యి దానంతట అది లేచింది. రెండు వేళ్ళు కాలరును లాగాయి.

బంతి వేలి కొస దాటిన క్షణంలో తన పొరపాటు తెలిసింది. తెలిసి ఏం లాభం? బ్యాటరు దూకాడు, బంతి వాడి కాళ్ళ వెనకనుంచి పోయింది. సందీప్ రెండో పక్కన ఉన్నాడు. పాపం ఒళ్ళంతా విసిరేశాడు గానీ అందలేదు. బంతి అలా దొర్లుకుంటూ బౌండరీ గీత దాటిపోయింది. అంపైరు వైడిచ్చాడు, ఫోరిచ్చాడు. కొండాపురంవాళ్ళు గంతులేశారు.

ఫారూఖ్ మాత్రం గ్రౌండు మధ్యలో నిలబడి వికెట్ల పక్కన ఆ ఖాళీ చోటునే చూస్తున్నాడు. జబీ ఉంటే ఉండాల్సిన చోటు అది. పదిమందితో ఆడిన అన్నాళ్ళూ ఆ చోటు ఖాళీగానే ఉంది, అయినా అతనికి ఖాళీగా కనిపించలేదు. ఈరోజు కనిపించింది. తమ్ముడు చచ్చిపోయాడని ఫారూఖ్‌కు నిజంగా తెలిసింది అప్పుడే, జనం చప్పట్లు కొడుతుండగా, ఆత్మకూరు ఎండలో.

చాంద్ బాషా సందీప్ మీదికి పోయాడు. “చెప్పినానా లేదా? గోడకాడ ఆడేవాడు గోడకాడే ఆడాల. ఏం చూస్తా ఉండావురా, నిద్ర పోయినావా?”

సందీప్ తల వంచుకున్నాడు. “తప్పు నాదేన్నా,” అన్నాడు. ఒక్క మ్యాచి ఆడనిచ్చారు, అదే పదివేలు అనుకున్నాడో ఏమో, బ్యాట్లు ఏరి సంచిలో సర్దడం మొదలెట్టాడు. అలవాటైన పని కదా.

ఫారూఖ్ వచ్చి సంచి లాక్కుని కింద పెట్టాడు.

“వాడిది కాదు తప్పు. వాణ్ణి ఏమీ అనబాక.”

“మరెవరిది? బంతి యాడికి పోయిందో చూళ్ళేదా నువ్వు?”

“ఆ బంతి వాడికి ఎయ్యలా,” అన్నాడు ఫారూఖ్. “జబీకి ఏసినాను.”

చాంద్ బాషా అంతటి నోరున్నవాడు వచ్చి ఫారూఖ్ భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత పెంచలనరసింహం అందరినీ టీ తాగుదాం రమ్మని గేటు బయటికి తీసుకుపోయాడు.

సందీప్ వెళ్ళలేదు.

“అన్నా, ఒక మాట. బంతి ఎయ్యబోయే ముందర కాలర్ పట్టుకొని లాగినావు. ఎప్పుడూ అట్ట చెయ్యవే. అది దేనికి?”

చూశాడన్నమాట. ఏం లేదులే అని చెప్పెయ్యొచ్చు. తమ్ముడిది ఇంకేం మిగిలింది? బట్టలు పంచేశారు, బైకు తుక్కుకు పోయింది. ఇద్దరికే తెలిసిన ఆ ఒక్క గుర్తూ ఇచ్చేస్తే ఇక దాచుకోవడానికేమీ ఉండదు. ఫారూఖ్ చాలాసేపు బంతిని ప్యాంటుకు రుద్దుతూ ఉండిపోయాడు.

“అట్ట లాగినానంటే,” అన్నాడు ఎట్టకేలకు, “నువ్వు ఎడం పక్కకి దూకాల. బంతి పడకముందే. కాలవలో పడిపోతాదేమో అన్నట్టు.”

“ఏ కాలవన్నా?”

“ఉండాదిలే ఒకటి.”

ఇద్దరూ మళ్ళీ వికెట్ల దగ్గరికి నడిచారు. మొదటిసారి సందీప్ ఆలస్యమయ్యాడు. రెండోసారి చేతికి తగిలి జారింది. మూడోసారి ఫారూఖ్ కాలర్ లాగి, నెమ్మదిగా వదిలాడు. తలెత్తేసరికి సందీప్ అక్కడే ఉన్నాడు, ఆ చోటులోనే. బంతి అందుకున్నాడు, వికెట్లు ఎగిరిపోయాయి.

జబీకి ఇది పట్టుబడడానికి ఒక ఎండాకాలం సెలవులు మొత్తం పట్టింది. వీడికి మూడు బంతులు. ఇంతేనా? ఇంత తేలికా? ఇంకెవ్వరూ నిలబడలేరనుకున్న చోటు ఇంత తొందరగా నిండిపోతుందా? సంతోషపడాల్సిన మనిషి పిచ్ మీదే కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని బావురుమన్నాడు. ఖబరస్తానులో మట్టి వేసినప్పుడు రాని ఏడుపు అది.

సందీప్ హడలిపోయి పరుగెత్తుకొచ్చాడు.

“ఏందన్నా, తప్పుగా పట్టినానా?”

ఫారూఖ్ తల అడ్డంగా ఊపాడు. “లేదురా. బాగా పట్టినావు. అందుకే ఏడస్తా ఉండా.”