చేతుల కిటికీ

కిటికీకి గాజు పలక బిగించేశారు. నాలుగు మూలలా ఇత్తడి మరలు, పైన చిన్న దీపం, పక్కన పాలరాతి ఫలకం: "శతాబ్దాల పాటు ఈ కిటికీలోంచే మఠం సన్యాసులు పేదలకు ఉచితంగా మందు ఇచ్చారు."

అది చదివి ఫోస్కాకు ఒళ్లు మండిపోయింది. మొన్న గురువారం దాకా ఆ కిటికీలోంచి మందు ఇచ్చింది తనే.

ఫ్లోరెన్సులో శాన్ గౌదెంజియో మఠం మందుల కొట్టులో ఆమె చేరేనాటికి ఇల్లుమినాతో అనే ఒక్క సన్యాసే మిగిలాడు. గులాబీ నీళ్లు తీయడం కన్నా ముందు ఆయన నేర్పింది ఈ కిటికీ దగ్గర నిలబడటం. దాన్ని కావాలనే గోడలో నడుమెత్తున పెట్టారు. వెనక సందులోంచి వచ్చినవాళ్ల చెయ్యి, ఖాళీ సీసా తప్ప ఇంకేమీ కనబడవు. "వంగి మొహం చూశావంటే వీపు పగలగొడతా," అనేవాడు ఆయన. ఫోస్కా చిన్నప్పుడు, ఊరికి వరద వచ్చిన ఏడాది, ఆమె తల్లి కూడా కూతురి దగ్గుమందు కోసం బురద చెయ్యి అందులో పెట్టింది.

ఇప్పుడు కొట్టు మిలాను కంపెనీవాళ్లది. మేనేజరు లాందూచి సూటు సర్దుకుంటూ వచ్చాడు.

"దీన్ని ఎవరు మూయమన్నారండీ?"

"మూయలేదు ఫోస్కా గారూ, కాపాడుతున్నాం. చరిత్ర కదా!"

"మొన్న గురువారం చరిత్రైపోయిందా? మీ సూటు అంతకన్నా పాతది."

సబ్బుల పెట్టెలకు రిబ్బను కడుతున్న కొట్టు కుర్రాడు నెల్లో కిసుక్కున నవ్వాడు.

"కావల్సినవాళ్లు ముందు గుమ్మంలోంచి రావచ్చు," అన్నాడు లాందూచి. "పేరు రాయిస్తే తగ్గింపు కార్డు కూడా ఇస్తాం."

"పేరు చెప్పుకోగలిగితే సందులోకి ఎందుకొస్తారు?"

"సాయంత్రం అతిథులొస్తారు. ఈ కిటికీ కథ మీరే చెప్పాలి. మీరు చెబితే ఏడ్చేస్తారు."

"ఏడిస్తే నరాలు కుదుటపడే నీళ్లు అమ్మేద్దాం. మన కొట్టు సరుకేగా," అన్నాడు నెల్లో.

సాయంత్రం అతిథులు వచ్చారు. కిటికీ ఉన్న సుగంధాల గదిలో పట్టుబట్టల గరగర. ఫోస్కా పళ్లు బిగబట్టి కథ మొదలుపెట్టింది. రెండు మాటలైనా కాలేదు, గాజు మీద టకటకమని చప్పుడు.

అవతల ఒక చెయ్యి. వాచిన వేలికి బిగుసుకుపోయిన ఉంగరం, చేతిలో మూత లేని సీసా. ఫోస్కాకు ఆ చెయ్యి ఏళ్లుగా తెలుసు. మొహం తెలియదు. దీపం వెలుగు నేరుగా ఆ వేళ్ల మీద పడుతోంది.

"అబ్బ, ఎంత బాగా ఏర్పాటు చేశారు! మనిషిని కూడా పెట్టారే!" అంది ఒకావిడ. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆ చెయ్యి వాతపెట్టినట్టు వెనక్కి పోయింది.

లాందూచి ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత, తనే ఏర్పాటు చేసినట్టు, నవ్వాడు.

ఫోస్కా తట్టుకోలేకపోయింది ఆ నవ్వునే. అలమర పక్కన అలంకారానికి పెట్టిన, మందులు నూరే కంచు పొత్రం అందుకుని గాజు మీద ఒక్కటి వేసింది. పలక భళ్లున రాలింది.

"మీకేమన్నా పిచ్చా! రేపటినుంచి పనిలోకి రాకండి!" అని అరిచాడు లాందూచి.

"రేపటి సంగతి కదా. ఇవాళ ఉన్నాను."

ముక్కలు ఏప్రానుతో ఊడ్చి, ఆమె మోకాళ్ల మీద కూర్చుని భుజం దాకా చెయ్యి సందులోకి చాపింది. చెంప గోడకు ఆనింది, మొహం అతిథుల వైపు తిరిగింది.

"తియ్యండి ఫోటోలు. ఇదిగో, నా మొహం. ఎంతసేపైనా తీసుకోండి."

ఒక్కరూ తీయలేదు. బయట చల్లగాలి అరచేతికి తగులుతోంది. ఆమె అలాగే ఉండిపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. సందులో అడుగుల చప్పుడు దూరమై, ఆగి, మళ్లీ దగ్గరకొచ్చింది. అరచేతిలో చల్లటి సీసా పడింది.

అవతలి మొహం చూడకుండా దాన్ని లోపలికి తీసుకుంది ఫోస్కా. "నెల్లో, నిండా పొయ్యి."

నెల్లో రిబ్బను పక్కన పడేసి వచ్చాడు. ముందు ఆ దీపం తీగ పీకేశాడు. తర్వాత సీసా అందుకున్నాడు.