జాకీలు తీయమన్నదెవరు

మా నాన్న ఇంద్రసేన ముప్పై ఏళ్లు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పాడు. రిటైరయ్యాక కూడా ఆ నోరు ఆగలేదు. అశోక్ నగర్‌లో మా ఇంటి కింది హాల్లో, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల్ని ప్రతి ఆదివారం కూర్చోబెట్టి, మనిషి స్వతంత్రుడా, దేవుడి చేతిలో బొమ్మా అని గంటలకొద్దీ దంచేవాడు. చివరికి ఎప్పుడూ ఒకటే తేల్చేవాడు: మనిషే కర్త, తన తప్పును రాత మీదికి నెట్టేవాడు పిరికివాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. టీలు మోసేది నేను.

ఆ పిల్లలకే కిరాయికిద్దామని పైన ఇంకో అంతస్తు లేపాడు. స్లాబ్ పడింది. ఇంతలో మూఢం దగ్గరికొచ్చింది. మూఢంలో శుభకార్యాలు చేయకూడదు కాబట్టి ఆలోపే గృహప్రవేశం కానిచ్చేయమని అయ్యగారు ముహూర్తం పెట్టాడు. స్వతంత్రుడైన మా నాన్న కిక్కురుమనకుండా తలూపాడు.

పైన చూస్తే స్లాబును మోస్తున్న ఇనుప జాకీలు గది నిండా నిలబడి ఉన్నాయి. హోమానికి చోటు లేదు. ఆ పొద్దున నేను టీ తీసుకుని పైకి వెళ్లేసరికి నాన్న కృష్ణయ్యతో మాట్లాడుతున్నాడు. కృష్ణయ్యది పాలమూరు వైపు. నారాయణగూడలో కూలీల అడ్డా మీద నిలబడేవాడు, మా పని మొదలయ్యాక ఇక్కడే కుదిరాడు.

"సార్, స్లాబ్ ఇంక పచ్చిగనే ఉన్నది. జర మేస్త్రిని రానీయ్."

"బుగ్గయ్య ఊరికి పోయిండు. ముహూర్తం ఆగుతదా? నేను చెప్తున్న గదా, తీసెయ్."

కృష్ణయ్య తల గోక్కుంటూ నా చేతిలో టీ అందుకున్నాడు. నేను ఆఫీసుకు వెళ్లిపోయాను. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. స్లాబ్ ఒక పక్క కూలిందట. కృష్ణయ్యను బయటికి తీసేసరికే ప్రాణం పోయిందట.

నాన్న మొదట "వాని ఆయుష్షు అంతే" అన్నాడు. పోలీసులు వచ్చేసరికి మాట మార్చాడు. తాగొచ్చి, ఎవరూ చెప్పకుండానే జాకీలు పీకాడని చెప్పాడట. ఆ మాట బాగ్ లింగంపల్లి అవతల కృష్ణయ్య వాళ్లుండే బస్తీ దాకా పాకింది.

దినాలు అయ్యాక కృష్ణయ్య భార్య మాసమ్మ, బుగ్గయ్య మేస్త్రిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అదే హాల్లో, పిల్లలు కూర్చునే చాప పక్కన కింద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది.

"మా అత్తనే అంటున్నది సార్, తాగి సచ్చిండని. నా బిడ్డ బడిల గూడ గదే మాట పడుతున్నది. ఆయన మందు ముట్టడు. జాకీలు తీయమన్నది ఎవరు? గదొక్కటి చెప్పుండ్రి, పోత."

నాన్న కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మాసమ్మా, అంత పైవాడు నడిపిస్తడు. మనం నిమిత్తమాత్రులం."

"పైవాడు తీయమన్నడా సార్?"

నాన్నకు కోపం వచ్చింది. "నేనైతే అనలే. ఒకవేళ అన్ననే అనుకో, నేను తీయనని చెప్పొచ్చు గదా? చేతులు వానివి, బుద్ధి వానిది. ఎవరన్న పట్టి గుంజిన్రా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత సులువుగా పంచేశాడు! చావు దేవుడి ఖాతాలో, తప్పు కృష్ణయ్య ఖాతాలో, తొందర అయ్యగారి ఖాతాలో పడింది. మనిషే కర్త అని ఇన్నేళ్లు అరిచిన పెద్దమనిషికి మాత్రం ఏ వాటా రాలేదు. కూలివాడికి కాదనే స్వేచ్ఛ ఉందట. మేస్త్రిని రానీయ్ అన్నాడు కదా పాపం. ఆ మాటకు దక్కిన విలువ నా కళ్లతో చూశాను. కన్నతండ్రి మీద అంత అసహ్యం పుడుతుందని నాకు తెలియదు.

"తీయమన్నది మా నాన్ననే" అన్నాను. "కృష్ణయ్య వద్దన్నడు. నేను ఆడనే ఉన్న. నేనిచ్చిన చాయ్ తాగిండు, మందు గాదు. ఠాణాల గూడ ఇదే చెప్త."

నాన్న మొహం పాలిపోయింది.

"త్రివేణీ, ఎవరు చెప్పిచ్చిన్రు నీతోని ఈ మాట? ఈ బుగ్గయ్యనా?"

"ఎవ్వరు చెప్పియ్యలే. నాకు నేనే చెప్పిన."

ఆయన నమ్మలేదు. బుగ్గయ్యను చూశాడు, మాసమ్మను చూశాడు, గోడ మీద దేవుడి పటాన్ని చూశాడు. "అంత నా గ్రహచారం" అని గొణిగి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మాసమ్మ నాకు దండం పెట్టలేదు, ఏడవలేదు. కొంగు దులుపుకుని లేచి మేస్త్రి వైపు తిరిగింది.

"ఇన్నవా అన్నా? నువ్వే పోయి మా అత్తకు చెప్పు. నేను చెప్తె నమ్మది."