ఎడమ పక్క కొలత

నేను ఒక ఆది జాకెట్టును. టైలరుకి కొత్త గుడ్డ ఇచ్చేటప్పుడు, దీని కొలతకే కుట్టమని ఆడవాళ్ళు జత చేసి పంపే పాత జాకెట్టు ఉంటుంది కదా, అదే నేను. ఒకప్పుడు నాది వంకాయ రంగు. ఇప్పుడు ఏ రంగంటే చెప్పలేను, వెలిసిపోయాను.

నన్ను మండపేటలో అబ్బులు అనే టైలరు కుట్టాడు. హుక్కులు కుట్టి, అంచులకి చేతికుట్టు వేసింది అతని భార్య గంగరత్నం. తొడుక్కున్నది రైసుమిల్లు గుమాస్తాగారి భార్య భూలక్ష్మి. అద్దం ముందు అటు తిరిగింది, ఇటు తిరిగింది, చేతులు పైకెత్తి చూసుకుంది. ఎక్కడా పట్టెయ్యలేదు, ఎక్కడా వదులు లేదు. "దీన్ని ఆదికి ఉంచేస్తాను" అంది. బాగా కుదిరినందుకు నాకు పడిన శిక్ష అది. ఆ తరవాత కుట్టినవన్నీ పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళాయి. నేను మాత్రం సంచిలో టైలరు కొట్టుకి వెళ్ళడం, బల్ల మీద పడుకోవడం, నా చుట్టూ సుద్దగీత గీయించుకోవడం, తిరిగి బీరువాలోకి రావడం.

మధ్యలో ఆవిడ ఒళ్ళు చేసింది. మళ్ళీ చిక్కింది. "ఆదికి కాస్త వదులు పెట్టమన్నానని చెప్పు" అని కబురు పంపేదే గాని నన్ను మార్చలేదు. మనుషులకి ఎదురుగా ఉన్న ఒంటి మీద కంటే పాత గుడ్డ మీదే గురి. అబ్బులు కూడా అంతే. ఆడమనిషి ఒంటి మీద టేపు పెట్టడం అతనికీ ఇష్టం ఉండదు, వాళ్ళకీ ఇష్టం ఉండదు. మధ్యలో నేనుంటే ఎవరూ ఒంటి మాట ఎత్తక్కర్లేదు. ఆ మాట రాకుండా చూడడమే నా ఉద్యోగం. చాలాకాలం అది మంచి ఉద్యోగమే అనుకున్నాను.

ఒక వేసవిలో భూలక్ష్మి బీరువా తలుపు చాటున నిలబడి ఎడమ రొమ్ము పక్కన నొక్కుకోవడం చూశాను. ఒకచోట వేళ్ళు ఆగాయి. మర్నాడూ అక్కడే ఆగాయి. నొప్పి లేదు గదా అని ఊరుకుంది. మనుషుల తీరే అంత. ముల్లు గుచ్చుకుంటే వీధంతా వినేలా అరుస్తారు. గడ్డ చప్పుడు చెయ్యకుండా పెరుగుతుంటే దానితో సర్దుకుపోతారు. చీర కట్టుకుంటే తెలియడం లేదని కొన్నాళ్ళు, కోతలయ్యాక చూపించుకుందామని కొన్నాళ్ళు గడిపింది. చివరికి అక్కడ చర్మం లోపలికి లాగినట్టయ్యాక భర్తకి చెప్పింది. కాకినాడ తీసుకెళ్ళారు. రొమ్ము తీసేశారు. సెలైన్లు ఎక్కించారు, జుట్టు ఊడింది, రేడియేషన్ కరెంటు పెట్టారు. మనిషి మిగిలింది.

ఊళ్ళో మాత్రం గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారు. జుట్టు సంగతి అడిగితే మందుల వేడి అన్నారు. గర్భసంచి అయితే చెప్పుకోవచ్చు. వీధిలో సగం మందికి అయిందే. పరామర్శకి వచ్చినవాళ్ళు వాళ్ళ కుట్ల సంగతులు కూడా చెప్పుకుని, బత్తాయిలు పెట్టి వెళ్ళారు. గంగరత్నం కూడా వచ్చింది. "బరువులెత్తకండి అక్కగారూ, నడుం పట్టేసుద్ది" అని జాగ్రత్త చెప్పింది. భూలక్ష్మి బుద్ధిగా తలూపింది.

కాకినాడ ఆసుపత్రిలో మంగళవారాలు ఈ జబ్బు దాటినవాళ్ళు కొందరు కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్ళకి ధైర్యం చెబుతారట. భూలక్ష్మినీ రమ్మన్నారు. "అక్కడ మనూరోళ్ళెవరన్నా కనపడితే?" అంది భర్తతో. వెళ్ళలేదు.

అంతలో మేనకోడలి పెళ్ళి వచ్చింది. పట్టుచీరలో జాకెట్టు ముక్క కత్తిరించి, నాతో కలిపి అబ్బులుకి పంపింది. ఏమీ చెప్పకుండానే పంపింది. చెప్పాలంటే నోరు తెరవాలి. నన్ను పంపితే సరిపోయె.

అబ్బులు ఎప్పటిలాగే నన్ను పరిచి గీత గీశాడు. కొట్టు వెనక గదిలో గంగరత్నం నన్ను ఒళ్ళో వేసుకుని, నా హుక్కుల్ని చూస్తూ కొత్తదానికి కుడుతోంది. ఉన్నట్టుండి సూది ఆపింది. కుడి చెయ్యి ఎడమ చంక కిందికి పోనిచ్చింది. వేళ్ళు ఒకచోట ఆగాయి.

ఆ ఆగడం నాకు తెలుసు. ఇంకొకరి విషయంలో మళ్ళీ చూస్తాననుకోలేదు. ఇప్పుడే వెళ్ళి చూపించుకో అని ఎవరో ఒకరు ఈవిడకి చెప్పాలి. చెప్పగల మనిషి నాలుగు వీధుల అవతలే ఉంది. ఆ మనిషేమో గర్భసంచి అంటోంది. నాకా, నోరు లేదు. గంగరత్నం కాసేపు అలాగే కూర్చుని మళ్ళీ సూది తీసుకుంది.

పెళ్ళి సంగతి బీరువాలో ఆ పట్టు జాకెట్టే నాకు చెప్పింది. భూలక్ష్మి ఎడమ పక్క రుమాళ్ళు కుక్కి పిన్నీసులు పెట్టుకుందట. భోజనాల దగ్గర అవి పైకి జరిగి మెడ దాకా వచ్చాయట. కొంగు రెండు భుజాల మీదా కప్పుకుని, చెమటలు కక్కుతూ మూల కూర్చుందట. అది పక్కింటావిడ కంట పడింది. తిన్నగా కొట్టుకెళ్ళి, "ఏమయ్యా అబ్బులూ, భూలక్ష్మిగారి జాకెట్టు తగలేశావంట గదా, పిన్నీసులెట్టుకుని కూచుంది పాపం" అనేసింది.

రెండోనాటికల్లా గంగరత్నం భూలక్ష్మి ఇంటికి వచ్చింది.

"మా ఆయన అన్నం సయించక తిరుగుతున్నాడండి అక్కగారూ. ఇన్నేళ్ళలో నా కుట్టు తప్పలేదు, ఎళ్ళి చూసి రా అన్నాడు. ఏదండీ ఆ జాకెట్టు?"

పట్టు జాకెట్టునీ నన్నూ మంచం మీద ఒకదాని మీద ఒకటి పరిచింది. భుజాలు, చంకలు, నడుము అన్నీ కలిశాయి.

"ఆదికి నూలు పోగు తేడా లేదండి. ఒక్కసారి తొడుక్కోండి, ఎక్కడ తేడా వస్తందో చూస్తాను."

"వద్దులే గంగరత్నం. నేనే చిక్కాను."

"చిక్కితే రెండు పక్కలా చిక్కాలి గదండి. పిన్నీసు బెజ్జాలు ఎడం పక్కే ఉన్నాయి."

భూలక్ష్మి ఇంకేదో అబద్ధం చెప్పి పంపేస్తుందనుకున్నాను. వెతికే ఉంటుంది, దొరకలేదేమో, లేక చెప్పీ చెప్పీ విసుగొచ్చిందేమో. లేచి వెళ్ళి గడియ పెట్టింది. "గర్భసంచి కాదే" అంటూ కొంగు తీసి, హుక్కులు విప్పింది.

ఎడమ పక్క చదునుగా ఉంది. చంక దాకా అడ్డంగా ఎండిన కుట్టు. గంగరత్నం అయ్యో అనలేదు, కళ్ళు తిప్పుకోలేదు. కుట్టుపని చేసే మనిషి కుట్టుని చూసినట్టే చూసింది. చూస్తుండగానే ఆవిడ చెయ్యి దానంతటదే తన ఎడమ చంక కిందికి పోయింది.

"ఎన్నాళ్ళ బట్టే?" అంది భూలక్ష్మి.

"ఏంటండి?"

"నాకు తెలీదనుకోకు. ఎన్నాళ్ళ బట్టి ఉంది?"

"దసరా ముందు నుంచండి. సెనగ్గింజంతే ఉందండి. నెప్పి లేదండి."

"నాకూ లేదు. ఉండుంటే ముందే పరిగెత్తేదాన్ని. ఇది మిగిలేదేమో."

గంగరత్నం మంచం పట్టె మీద కూర్చుంది. కూర్చున్నది నా మీదే.

"ఆయనకెలా చెప్పనండి? పొద్దస్తమానం జాకెట్లు కుట్టేవోడే గాని, ఆ మాట వింటే బల్ల కింద దూరతాడు."

"నేను చెప్తాలే."

"మీరా? మీరు నిన్నటిదాకా గర్భసంచి అన్నారు గదండి."

భూలక్ష్మికి నవ్వొచ్చింది. గంగరత్నం కూడా నవ్వింది. తరవాత ఇద్దరూ ఏడిచారు. నన్నే తీసి కళ్ళు తుడుచుకున్నారు. కొలతకి తప్ప ఇంకో పనికి నన్ను వాడడం అదే మొదలు.

మర్నాడు భూలక్ష్మి ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే నన్ను పట్టుకుని కొట్టుకి వెళ్ళింది.

"అబ్బులూ, నీ కుట్టు తప్పలేదు. ఈ ఆదిదే తప్పు. నాకు కేన్సరొస్తే ఎడం పక్క రొమ్ము తీసేశారు. నీ పెళ్ళానికీ గడ్డుంది. అదేంటో తేల్చుకోవాలి. మంగళవారం కాకినాడ తీసుకెళ్తన్నాను. వస్తే రా, లేపోతే కొట్టు చూసుకో."

అబ్బులు కత్తెర తెరిచాడు, మూశాడు. బల్ల మీద సుద్ద పొడి చేత్తో తుడిచాడు. లేని పొడి కూడా తుడిచాడు.

"కొట్టు కట్టేస్తానండి" అన్నాడు చివరికి.

గడ్డలన్నీ ఆ జబ్బు కావని డాక్టరమ్మ ముందే చెప్పిందట. గంగరత్నానిది మాత్రం అదే. అయితే చిన్నది. గడ్డ వరకే తీశారు. సెలైన్లూ కరెంటూ మాత్రం తప్పలేదు. ప్రతిసారీ పక్కన భూలక్ష్మి కూర్చునేది. కూర్చోగా కూర్చోగా కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూడా కూర్చోవడం అలవాటైంది. జుట్టు ఊడినప్పుడు గంగరత్నం ఎవరడిగినా జబ్బు పేరు పెట్టే చెప్పింది. అంటుకుంటుందేమోనని కొందరు కొట్టు మార్చేశారు. వాళ్ళలో కొందరు కుట్టు బాగోక మళ్ళీ వచ్చారు.

ఇప్పుడు వెనక గదికి తెర కట్టారు. ఆడవాళ్ళ కొలతలు గంగరత్నమే టేపు పెట్టి తీస్తుంది. ఎక్కువసేపు చెయ్యెత్తి ఉంచలేదు, అలిసిపోతుంది, కాసేపు స్టూలు మీద కూర్చుని మళ్ళీ లేస్తుంది. భూలక్ష్మి జాకెట్లకి ఎడమ పక్క లోపల చిన్న జేబు కుట్టి, అందులో దూదిమెత్త పెడుతుంది. ఇప్పుడది జారడం లేదట. నాకు ఉద్యోగం లేదు. బల్ల కింద పీలికల సంచిలో ఉన్నాను. బాధేం లేదు. చూసి చూసి నేనూ అలిసిపోయాను.

నిన్న సాయంత్రం ఒక కోడలు పిల్ల వచ్చింది. ఆది తెచ్చానంది. పక్కన పెట్టి లోపలికి రమ్మంది గంగరత్నం. తెర వెనక ఇద్దరూ ఏవో సినిమా కబుర్లు చెప్పుకున్నారు. కొలతలయ్యాక గంగరత్నం అందరినీ అడిగినట్టే, ఎప్పుడన్నా తడిమి చూసుకుంటావా అని అడిగింది. మాటలు ఆగిపోయాయి. బయట అబ్బులు కాలు మిషను మీద నిలిచిపోయింది.

"మా అత్తకి చెప్పకక్కా" అంది ఆ పిల్ల గొంతు తగ్గించి.

"నేను చెప్పను, నువ్వే చెప్తావు. ఎలా చెప్పాలో బస్సులో అనుకుందాం" అంది గంగరత్నం. "మంగళవారం పొద్దున్న బండికి. పరగడుపున రావాలనుకునేవు, అన్నం తినేసి రా. అక్కడ చానాసేపు కూచోవాలి."