పలకలు కడిగిన నీళ్ళు

చెక్కపలకను ఏటవాలుగా పట్టుకుని, నానిన గుడ్డతో పైనుంచి కిందికి నెమ్మదిగా తుడుస్తున్నాడు ముసలాయన. మసిసిరాతో రాసిన అక్షరాలు కరిగి, నల్లటి ధారై పళ్ళెంలోకి జారుతున్నాయి. చుక్క కూడా పక్కకు పోవడానికి వీల్లేదు. పిల్లలు నిన్న రాసుకుని వల్లెవేసిన దైవవాక్యాలవి. కడిగాక సుద్ద పూసి ఎండబెడితే, పలక రేపటి పాఠానికి మళ్ళీ తెల్లగా తయారవుతుంది.

మదరసాలో అందరికీ ఆయన పలకల తాత. పలకలన్నీ ఆయన చేతిలోనే గాని, ఆయన మాత్రం పలకడు. పిలిస్తే తలెత్తుతాడు, అంతే. ఆ పొట్టి వేళ్ళ గోళ్ళలో సుద్ద తెలుపు, అరచేతుల గీతల్లో మసి నలుపు. ఏ సబ్బుకీ లొంగని రెండు రంగులు.

ఆయన పనిలో చేరిన నాటికి ఇది మదరసా కాదు, మసీదు వసారా. ఒక చాప, దాని మీద పెద్ద మౌల్వీగారు, చుట్టూ ఊగుతూ చదివే పిల్లలు. మౌల్వీగారికి భోజనం ఇళ్ళవాళ్ళు వంతులవారీగా పంపేవారు. కొన్నాళ్ళకు వసారాకు రేకులు పడ్డాయి. మౌల్వీగారు పోయాక కమిటీ ఏర్పడింది. అందులో ఉన్నవాళ్ళంతా అధ్యక్షులే కావడంతో ఏ పనీ తెమలక, చివరికి పట్నంలోని మతసంస్థకు అప్పగించి చేతులు దులుపుకున్నారు. సంస్థ రావడంతో బడికి ఒక వ్యవస్థ వచ్చింది, తాతకు మాత్రం అవస్థే మిగిలింది. తరగతులు, గంట, పరీక్షలు. సిలబస్సు వచ్చింది, దాని వెనకాలే బస్సూ వచ్చింది. లెక్కలు, సైన్సు, ఆడపిల్లలకు వేరే గది.

ఇదంతా తాతకు గిట్టనిదేమీ కాదు. భూమి గుండ్రంగా ఉంటుందని ఆ గదిలోనే నేర్చుకుని వచ్చి మనవరాలు చెబితే, "అందుకేనా నా నడుమిలా వంగిపోయింది!" అని మురిసిపోయాడు. పెద్ద పిల్లలకు నోటుపుస్తకాలొచ్చినా, పసిపిల్లలకు పలకలు మిగిలాయి. నేటితో అవీ ఆఖరు. రేపు సంస్థ పెద్దలు వస్తున్నారని గోడలకు తెల్లబోర్డులు బిగించారు. వాటిని చూసి తాత కూడా తెల్లబోయాడు.

ఆఖరి పలక ఎండలో నిలబెట్టి, పళ్ళెంలోని నీళ్ళు బకెట్లోకి వంచాడు. ఇక పొయ్యాలి. ఎక్కడ?

ఇన్నాళ్ళూ పోసింది ఆవరణలోని దానిమ్మచెట్టు మొదట్లో. ఆ చోటు చూపించింది పెద్ద మౌల్వీగారు. "ఈ నీళ్ళ మీద ఎవరి కాలూ పడకూడదురా," అని ఒక్కసారే చెప్పారు. ఇప్పుడు గేటు నుంచి కొత్త భవనం దాకా సిమెంటు బాట వేస్తున్నారు. చెట్టు అడ్డమని పొద్దున్నే కొట్టేశారు.

బకెట్ గోడ పక్కన పెట్టి, తాత కార్యదర్శి గదికి వెళ్ళాడు. ఈ కార్యదర్శికి కార్యాలెక్కువ, దర్శనం తక్కువ. ఫోను సంభాషణలో ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని తాత గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏంటి తాతా?"

"నీళ్ళు, బాబూ. ఎక్కడ పొయ్యమంటారు?"

"ఏం నీళ్ళు?"

"పలకలవి."

కార్యదర్శి ఫోను గుండెకు ఆనించుకున్నాడు. "అయ్యో, నిజమే! చెట్టు కొట్టించేటప్పుడు ఒక్కడికీ తట్టలేదు చూడు. వెనక గోడవతల చేనుంది కదా, గట్టు పక్కన పొదలో పోసెయ్. అటు ఎవరూ తిరగరు."

మంచివాడే. తాత గుండె బరువు దిగింది. తిరిగొచ్చేసరికి బకెట్ బోర్లించి ఉంది.

"కుళాయి ఆగిపోయింది తాతా," అన్నాడు మేస్త్రీ, తాపీ ఆపకుండానే. "కలిపిన సిమెంటు మాలు బిగుసుకుపోతోంది. ఎలాగూ పారబోసేవేగా అని కలిపేశా. నల్లగా ఉంటే ఏం, సిమెంటుకీ అదే రంగు!"

అడుగుదామని వెళ్ళొచ్చేలోపు అవి అడుగుల పాలయ్యాయి.

"తియ్యి," అన్నాడు తాత.

"ఏం తియ్యాలి?"

"ఆ నీళ్ళు. దేవుడి మాటలు కడిగినవి."

మేస్త్రీ చేతిలో తాపీ ఆగింది. "ముందే ఒక్క మాట చెప్పొద్దూ! ఇప్పుడెలా తియ్యను తాతా? కలిసిపోయాయి."

కార్యదర్శి పరుగున వచ్చి, తాత భుజం మీద చెయ్యి వేశాడు. "తెలియక జరిగినదానికి తప్పు లేదు తాతా. పైవాడికి మనసులు తెలుసు."

"మనసుల సంగతి సరే బాబూ. కాళ్ళ సంగతి?"

"ఆరేదాకా ఎవరూ తొక్కకుండా చూడు."

"ఆరాక?"

కార్యదర్శి ఫోను మోగింది.

తాత ఒక స్టూలు ఈడ్చుకొచ్చి, బాట మొదట్లో, గోడ వారగా వేసుకున్నాడు. చెప్పులు విడిచి, స్టూలు కిందికి జరిపి కూర్చున్నాడు. బడి వదిలాక పిల్లల్ని వెనక దారికి మళ్ళించాడు. పిల్లి వస్తే దాన్నీ అదిలించాడు. ఎండకు బాట అంచుల నుంచి తెల్లబారుతూ వచ్చింది. తడి మధ్యలోకి కుంచించుకుపోతుంటే, ఏమీ చెయ్యలేక దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

పొద్దుగూకాక, మదరసా వంటింట్లో పనిచేసే కూతురు టీ గ్లాసుతో వచ్చింది. "లే నాన్నా, ఎంతసేపలా? ఆరిపోయిందిగా."

గోడకు తల ఆనించిన తాత కదల్లేదు. ఆమె గ్లాసు కింద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఆమె వేసిన కేకకు వంటింట్లో ఉన్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని వెనక దారిన, చేనుగట్టు మీదుగా తీసుకెళ్ళారు. అంతమంది బరువు ఒక్కసారిగా పడితే పచ్చి గచ్చు పగులుతుందని మేస్త్రీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేదు.

మధ్యాహ్నం సంస్థ పెద్దలు వచ్చారు. గేటు నుంచి భవనం దాకా బూట్లు టకటకమన్నాయి. బాట బాగా కుదిరిందన్నారు. వాళ్ళ వెనకాలే పిలుపందుకుని వచ్చిన మేస్త్రీ మాత్రం, పక్కనున్న మట్టిలోకి దిగి నడిచాడు.

బాట మొదట్లో, స్టూలు కింద, తాత చెప్పులు అలాగే ఉన్నాయి. అరిగిన మడమల గుంటల్లో తెల్ల సుద్ద ఎండి, నెర్రెలిచ్చి ఉంది.